మూడో ప్రశ్న

1938 నవంబర్ 7, సోమవారం. బోధన్.

ఇది దవాఖానలో పారేయమన్న రిజిస్టర్. మొదటి నాలుగు కాగితాలు చెదలు తిన్నాయి, మిగతాదంతా బాగానే ఉంది. పారేయమన్నవి ఇంటికి తెచ్చుకోవడం నాకు పాత అలవాటు.

ఇందులో కడుపుల సంగతి రాసుకుంటాను. చక్కెర కార్ఖానా వచ్చినప్పటి నుంచి ఊళ్ళో మనుషులు పెరిగారు, వాళ్ళతో పాటు కడుపునొప్పులూ పెరిగాయి. చెరుకు నరికేవాళ్ళు, బండ్లు తోలేవాళ్ళు, గుడిసెలు వేసుకున్న కూలీలు. రోజుకు పదిమంది వస్తే ఆరుగురు కడుపు పట్టుకునే వస్తారు. డాక్టర్ సాబ్ నిజామాబాద్ నుంచి సోమ, గురువారాలే వస్తాడు. మిగతా రోజుల్లో ఈ దవాఖానకు పెద్దదిక్కు నేనే, కాంపౌండర్ మార్కండేయ. పన్నెండేళ్ళ సర్వీసు.

ఎంతటి కడుపునైనా నేను మూడే ప్రశ్నలు అడుగుతాను. నొప్పి తిన్నాకనా, తినకముందా? ఎక్కడో వేలితో చూపించు. దొడ్డికి పోతే ఏ రంగు?

తినగానే నొస్తే పుండు అన్నం దిగే సంచిలోనే ఉందనుకోవచ్చు. ఆకలికి నొచ్చి, తింటే తగ్గితే ఆ సంచి కిందున్న పేగులో. బొడ్డుకు కుడిపక్క కింద పొడుస్తుంటే చెయ్యి పెట్టకుండా నిజామాబాద్‌కు పంపాలి. బంక, నెత్తురు కలిసి పడితే అది నీళ్ళ వల్ల వచ్చింది, గుడిసెల దగ్గర వాగునీళ్ళు తాగేవాళ్ళందరికీ అదే. మూడో ప్రశ్నకు మాత్రం అందరూ సిగ్గుపడతారు. రంగు ఎవడు చూస్తాడు కాంపౌండర్ సాబ్ అంటారు. చూడాలి. ఎర్ర నెత్తురు కనిపిస్తే మనిషి పరుగెత్తుకొస్తాడు, తారులాగా నల్లగా పోతే ఊరుకుంటాడు. నిజానికి భయపడవలసింది ఆ నలుపుకే. లోపలెక్కడో కారిన నెత్తురు కడుపులో మాగి నల్లబడి వస్తుంది.

నాకూ కాస్త మంటగా ఉంటోంది, ఆరు వారాల నుంచి. సోడా పొడి వేసుకుంటే పోతుంది. రాయవలసినంతది కాదు.

నవంబర్ 10, గురువారం.

ముత్తన్న, నలభై ఏళ్ళు, చెరుకు బండి తోలుతాడు. ఆకలికి నొప్పి, తింటే తగ్గుతుంది. రంగు మామూలే. డాక్టర్ సాబ్ బిస్మత్ పొడి రాశాడు. పొట్లాలు నేనే కట్టాను. కారం మానమంటే, కారం లేని బువ్వ గొడ్లు తింటాయన్నాడు.

డబ్బా చేతిలో ఉండగానే నేనూ ఒక చెంచా వేసుకున్నాను. ఈ రోజు నుంచి నాదీ బిస్మత్తే.

నవంబర్ 15, మంగళవారం.

ముత్తన్న భయపడుతూ వచ్చాడు. దొడ్డికి నల్లగా పోతోందట. బిస్మత్ వేసుకుంటే అలాగే పోతుంది, మందు ఆపిన నాలుగో రోజుకు రంగు మారుతుంది, మారకపోతే నా దగ్గరికి రా అని చెప్పాను. ఆ మాటకు అతను నెమ్మదించాడు.

నాకు నలుపెందుకో కూడా దీంతో తేలిపోయింది. నేనూ బిస్మత్ వేసుకుంటున్నాను కదా.

నవంబర్ 18, శుక్రవారం.

జుమ్మా, దవాఖానకు సెలవు. రోజంతా ఇంట్లోనే ఉన్నాను.

రాధాబాయి నాకు వేరే వండుతోంది. ఎప్పుడు మొదలుపెట్టిందో గమనించలేదు. మెత్తటి అన్నం, పాలు, కారం లేని పప్పు. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. పెళ్ళయి తొమ్మిదేళ్ళు, మా ఇద్దరి మధ్యా ఇదే పద్ధతి.

కొడుకు ఎండిపోతున్నాడని అవ్వ మధ్యాహ్నమంతా గొణిగింది. కొడుక్కి వేరే వంట ఎందుకని కోడలిని అడిగింది. కారం పడతలేదని రాధాబాయి చెప్పింది. పుట్టినప్పటి నుంచి పడిన కారం ఇప్పుడెందుకు పడటం లేదని అవ్వ అడిగింది. వైద్యం తెలిసినవాడు అడగవలసిన ప్రశ్నే అది. నేను లేచి బయట కూర్చున్నాను.

సాయంత్రం అవ్వ నా పక్కన చేరి చెప్పింది. "నీకు మందు పెట్టింది కొడుకా. మోర్తాడోళ్ళకు ఇంట్ల పసుపు ఎంతుంటదో మందు గంతుంటది. పెండ్లానికి ఎన్నడన్న ఎదురు చెప్పినవా నువ్వు?"

మోర్తాడ్ రాధాబాయి పుట్టిన ఊరు. మందు పెట్టడమంటే మా వైపు అందరికీ తెలిసిందే. మొగుడు మాట వినాలని పెళ్ళాం అన్నంలో ఏదో కలిపి పెడుతుందనీ, అది కడుపులో ఉండకట్టి మనిషిని లోపల్నుంచి తింటుందనీ అంటారు. వారానికి ఇద్దరైనా దవాఖానకొచ్చి ఇదే చెప్తారు. నేను నవ్వి పొట్లం కట్టి ఇస్తాను. ఈ రోజు అవ్వ ముందు కూడా నవ్వాను. మందు పెట్టలేదని మాత్రం అనలేదు. ముసలామెతో వాదన ఎందుకని ఊరుకున్నాను.

నవంబర్ 24, గురువారం.

బాలన్న ఆకుపొట్లం పట్టుకుని వచ్చాడు. పోయిన వారం కడుపులో మెలిపెడుతోందంటే ఏలికపాములకు పొడి ఇచ్చాను. తెల్లారే తొమ్మిది పాములు పడ్డాయట, నొప్పి పోయిందట. అదే రోజు ఏర్గట్ల ఊరి ఈరవ్వ వచ్చి, పసరు తాగించి, భార్య పెట్టిన మందు కక్కించిందట. నొప్పి పోయింది ఆమె వల్లేనని అతని నమ్మకం. కక్కిన ఉండను నాకు చూపించడానికి తెచ్చాడు. మీ దవాఖానల గిది దొరుకుతదా అన్నాడు.

నిమ్మకాయంత ఉండ. వెంట్రుకలు, మైనం, పసుపు బియ్యం. అతను బయటికి పోయాక కత్తితో కోసి చూశాను. లోపల బియ్యం పొడిగా గలగలమన్నాయి. ఆరు నెలలు కడుపులో ఉన్న ఉండట. ఆరు గడియలున్నా బియ్యం అలా ఉండవు. అది ఏ కడుపులోనూ ఎప్పుడూ లేదు, ఈరవ్వ సంచిలో ఉంది, అంతే.

భార్యను ఏం చేశావని అడిగాను. ఆ దినమే పుట్టింటికి పంపించిన అన్నాడు. ఉండ సంగతి అతనికి చెప్పలేదు. రోగం వరకే నా పని, వాళ్ళ సంసారంతో నాకేం సంబంధం?

డిసెంబర్ 1, గురువారం.

అవ్వ వంటింట్లోకి దిగింది. ఇక నుంచి కొడుక్కి తనే వండుతానంది. రాధాబాయి గరిటె కింద పెట్టి బయటికి వచ్చింది. ఇద్దరూ నావైపు చూశారు. దవాఖానకు ఆలస్యమవుతోందని నేను వెళ్ళిపోయాను.

డిసెంబర్ 4, ఆదివారం.

అవ్వ చేతి పచ్చిపులుసు, ఎల్లిపాయ కారం. చిన్నప్పటి రుచే, ఏమీ మారలేదు.

రాధాబాయి వంట మానినప్పటి నుంచి నొప్పి ఎక్కువైంది. రెంటికీ సంబంధం ఉందనడానికి ఆధారం చాలదు.

డిసెంబర్ 5, సోమవారం.

బిస్మత్ డబ్బా ఖాళీ. కొత్తది ఎప్పుడొస్తుందో తెలియదు. ముత్తన్న మందు పోయిన వారమే ఆపాను. ఈ రోజు వచ్చి, సరిగ్గా నాలుగో రోజుకు రంగు మామూలైందని నవ్వుతూ చెప్పాడు. వెంట నాలుగు చెరుకుగడలు తెచ్చాడు.

డిసెంబర్ 10, శనివారం.

మందు ఆపి అయిదు రోజులు. నలుపే.

ఒక్కో ఒంటి తత్వం ఒక్కోలాగా ఉంటుంది. కొందరికి పది రోజులు కూడా పట్టవచ్చు.

డిసెంబర్ 16, శుక్రవారం.

నలుపే.

డిసెంబర్ 19, సోమవారం.

డాక్టర్ సాబ్ నన్ను కిటికీ దగ్గరికి రమ్మన్నాడు, కంటి రెప్ప లాగి చూస్తానన్నాడు. ముఖం పాలిపోయింది, ఎన్నాళ్ళ నుంచి అని ఉర్దూలో అడిగాడు. ఉపవాసాలు చేస్తున్నానని చెప్పాను. ఏ దేవుడికి అని అడిగాడు. ఇంతలో బయట ఒక పిల్ల ఏడ్చింది, అటు వెళ్ళాను. ఆ ఏడ్చిన పిల్ల మేలు మరచిపోను.

డిసెంబర్ 22, గురువారం.

రాధాబాయి పక్కింటి గంగుబాయి అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతుంది. ఆరుగురు ఆడవాళ్ళు కూర్చుంటారు. అవ్వ అన్న మాట ఆ అరుగు దాకా పాకింది. నిన్న రాధాబాయి కడవలోని నీళ్ళు ఎవరూ తాగలేదట. ఎండలో కూర్చుని నోరు ఎండుతున్నా తాగలేదట. ఈ రోజు ఆకులు తడపడానికి కూడా ఆ నీళ్ళు వద్దన్నారట. గంగుబాయి మంచి మనిషే, ఆమె కూడా చేయి అడ్డం పెట్టిందట.

ఇది రాధాబాయి నాకు అన్నం దగ్గర కూర్చుని చెప్పింది. ఏడవలేదు. ఒక మాట అవ్వతో చెప్పమంది, తను నాకు మందు పెట్టలేదని. నువ్వు చెప్పితే ఊరంతా వింటది అంది. కాంపౌండర్ మాటకు విలువ ఉందని ఆమెకు ఇంకా నమ్మకం.

సమయం చూసి చెప్తానన్నాను.

డిసెంబర్ 27, మంగళవారం.

మందులు నూరుతుంటే కళ్ళు తిరిగి బల్ల పట్టుకున్నాను. ఎవరూ చూడలేదు. గుండె దడ తగ్గడానికి చాలాసేపు పట్టింది.

నన్ను కన్న బాపుకూ ఇదే చోట నొచ్చేది. అప్పుడు నాకు పధ్నాలుగేళ్ళు. పట్నం తీసుకుపోయి కడుపు కోశారు. పోయేటప్పుడు బాపు నడుచుకుంటూ రైలెక్కాడు, కిటికీలోంచి నాకు చెయ్యి ఊపాడు. తిరిగి వచ్చినవి ఆయన ధోవతి, చెప్పుల జత, రాగిచెంబు. ఆ చెంబు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. దాంతోనే నీళ్ళు తాగుతాం.

అప్పటికీ ఇప్పటికీ పద్ధతులు మారాయని, చాలామంది బతికి వస్తున్నారని రోగులకు నేనే చెప్తాను. అబద్ధం కాదు. డాక్టర్ సాబ్ పంపిన ముగ్గురిలో ఇద్దరు బతికే వచ్చారు.

నాకు భయం. ఒక్కసారి రాసి చూద్దామని రాశాను. రాసినా తగ్గలేదు.

1939 జనవరి 2, సోమవారం.

అవ్వ ఈరవ్వకు కబురు పంపింది. వచ్చే మంగళవారం పొద్దున, పరగడుపున. మందు పడితే రాధాబాయిని అదే రోజు మోర్తాడ్ పంపించాలని అవ్వ నిర్ణయం.

ఆలోచించాను. ఈరవ్వ వస్తే ఉండ పడక మానదు. సంచిలో తెచ్చుకున్నది పడకుండా ఎలా ఉంటుంది? పడితే అవ్వ మనసు కుదుటపడుతుంది. రాధాబాయి కూడా ఒకటి రెండు నెలలు పుట్టింట్లో ఉంటే ఇక్కడి మాటలు వినే బాధ తప్పుతుంది. ఇవి సర్దుకునే సంగతులే. ఇంకోటి కూడా ఉంది. మందైతే కక్కితే పోతుంది. మరొకటైతే కోయాలి.

చదువుకున్నవాడు ఇలా రాయకూడదు. కొట్టివేయడం లేదు, కాగితం పాడవుతుంది.

జనవరి 8, ఆదివారం.

రాధాబాయి అడిగింది: "నీకు సుత గట్లనే అనిపిస్తున్నదా?"

ఏం పడుతుందో చూద్దాం అన్నాను.

ఆమె బయట ఆరేసిన బట్టలు తీసుకురావడానికి వెళ్ళింది.

జనవరి 10, మంగళవారం.

జరిగింది జరిగినట్టు రాస్తాను. 

ఈరవ్వ పొద్దెక్కకముందే వచ్చింది. అరవై ఏళ్ళుంటాయి. నడుముకు గుడ్డసంచి. ఆ సంచి ఎందుకో నాకు తెలుసు. నాకు తెలుసన్న సంగతి ఆమెకూ తెలిసినట్టుంది, ఒకసారి నావైపు చూసి సంచిని కొంగు కిందికి సర్దుకుంది. ఇద్దరం ఒకే పనిలో ఉన్నవాళ్ళలాగా ఊరుకున్నాం.

పెరట్లో బూడిద పోసి పీట వేశారు. చెంబులో మజ్జిగ, ఆకు పసరు. సాక్ష్యానికి అవ్వ గంగుబాయిని, బీడీల ఆడవాళ్ళను పిలిచింది. వాళ్ళు గోడ పక్కన వరుసగా నిలబడ్డారు. రాధాబాయి వంటింటి గడప మీద నిలబడింది. ఆమె బట్టల మూట అవ్వ ముందే కట్టించి అరుగు మీద పెట్టించింది. నేను పోయి పీట మీద తూర్పు ముఖంగా కూర్చున్నాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు.

ఈరవ్వ చెంబు చేతిలోకి తీసుకోలేదు. ముందు నా ఎదురుగా గొంతుకూర్చుంది.

"తిన్నంక నొస్తదా కొడుకా, తినకముందుకా?"

 అది నా ప్రశ్న. తినగానే అని చెప్పాను. ఎక్కడ అంది. వేలితో చూపించాను. ఆమె అక్కడ రెండు వేళ్ళు పెట్టి నొక్కింది. పన్నెండేళ్ళలో నేను ఎందరి కడుపుల మీదో అలాగే నొక్కాను. డాక్టర్ సాబ్ నేర్పితే నేర్చుకున్నాను. ఈమెకు ఎవరు నేర్పారో తెలియదు.

"దొడ్డికి పోతె ఏ రంగు?"

"మామూలే" అన్నాను.

గడప దగ్గర్నుంచి రాధాబాయి మాట్లాడింది. గొంతు పెంచలేదు. "నల్లగ పోతది. దసరా సంది. పాయిఖానల బూడిద సల్లేది నేను, నాకెర్క."

దసరా అక్టోబర్ మొదట్లో వచ్చింది. నేను బిస్మత్ మొదలుపెట్టింది నవంబర్ పదిన. ఈ రెండు తేదీలూ నాకు మొదటి నుంచీ తెలుసు. ఈ పుస్తకంలోనే పక్కపక్కన రాసుకుని చూసి ఉండవచ్చు, రాసుకోలేదు.

ఈరవ్వ నా కంటిరెప్ప కిందికి లాగింది. గోళ్ళు చూసింది. లేచి చెంబులోని పసరు బూడిదలో పారబోసి, అవ్వ వైపు తిరిగింది.

"ఇది మందు గాదు భూమవ్వా. పుండు. లోపల నెత్తురు కారుతున్నది. నల్లదొడ్డి పోయేటోనికి నేను పసరు పొయ్య. ఒకనికి పోసిన ఎనకట. నా ముంగటనే నెత్తురు కక్కి పోయిండు."

అవ్వ ఒప్పుకోలేదు. ఇంత దూరం వచ్చావు, ఒక్కసారి కక్కించి చూడమని బతిమాలింది. ఈరవ్వ సంచి మీద చెయ్యి వేసి చెప్పింది. "ఉండ గావాల్నంటె ఉండ తీస్త. ఉండ తోటి నీ కొడుకు సుత పోతడు. ఏది గావాల్నో చెప్పు."

అవ్వ నేల మీద కూలబడింది. గోడ పక్క ఆడవాళ్ళలో ఒకామె ముక్కు మీద వేలేసుకుంది. గంగుబాయి తల వంచుకుంది.

రాధాబాయి గడప దిగి నా ముందుకు వచ్చింది.

"ఊర్లున్న కడుపులన్ని అడిగెటోనివి. నీ కడుపును ఎందుకు అడుగలే?" ఆగింది. జవాబు కోసం నిజంగానే ఆగింది. "నీకెర్కె. ఎర్కుండి నన్ను పంపెతందుకు పీట మీద కూసున్నవ్."

మూట ఎలాగూ కట్టే ఉంది. తీసుకుని వెళ్ళిపోయింది. ఆమె నడిచి పోతుంటే అవ్వ వెనకాల నుంచి పిలిచింది. నేను పిలవలేదు. 

జనవరి 12, గురువారం.

డాక్టర్ సాబ్‌తో మూడు ప్రశ్నలకూ నా జవాబులు చెప్పాను. మూడోది చెప్పినప్పుడు ఆయన కలం కింద పెట్టాడు. పన్నెండేళ్ళుగా అందరినీ అడుగుతున్నావు కదా అని మాత్రం అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

పట్నం పెద్ద దవాఖానకు చిట్ఠీ రాసిచ్చాడు. పందొమ్మిదిన బయలుదేరాలి. అప్పటి దాకా పాలు, గంజి తప్ప ఏమీ వద్దన్నాడు. కోత ఉంటుంది. ముందు ఒప్పుకున్నట్టు ఇంటివాళ్ళ వేలిముద్ర కావాలట, భార్య అయితే మంచిదన్నాడు.

అవ్వ గంజి కాచింది. అందులో కారం వేసి, తీసి, ఏడ్చింది. ఈ చేతులతోటే నీకు కారం పెట్టిన గదరా అంది. నా కడుపును అడగకుండా తిన్నది నేనే కదా అన్నాను. ఆమెకు ఎంతవరకు అర్థమైందో తెలియదు.

జనవరి 13, శుక్రవారం.

జుమ్మా. రాధాబాయికి ఉత్తరం రాశాను, చించాను. మళ్ళీ రాశాను. మూడు చించాను.

మొదటి దాంట్లో ఒంట్లో బాగా లేదు, రమ్మని రాశాను. రెండోదాంట్లో అవ్వ తొందరపడిందని రాశాను. మూడోదాంట్లో జరిగింది మరచిపొమ్మని రాశాను. మూడూ చక్కటి దస్తూరీతో ఉన్నాయి.

చిక్కు ఎక్కడంటే, ఆమెకు చదువు రాదు. మోర్తాడ్‌లో ఆమె అన్న దేవిదాస్‌కూ రాదు. బడిపంతులు చదివి వినిపించాలి. పంతులు చదివితే అరుగు మీద నలుగురైనా వింటారు. ఆమెకు రాసేది ఏదైనా ఆ ఊరికి రాసినట్టే. మందు పెట్టిన మనిషని బోధన్‌లో పుట్టిన మాట ఈ పాటికి ఆ ఊరికీ చేరి ఉంటుంది. అక్కడ కూడా ఆమె చేతి నీళ్ళు ఎవరూ తాగకపోవచ్చు.

నాలుగోది:

"రాధాబాయి నాకు ఏ మందూ పెట్టలేదు. నా కడుపులో పుండు ఉంది. ఆ సంగతి దసరా నుంచి నాకు తెలుసు. కోతకు భయపడి, తెలియనట్టు ఊరుకున్నాను. నింద ఆమె మీద పడుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఇన్నాళ్ళు నన్ను నిలబెట్టింది ఆమె చేతి అన్నమే. పంతులు గారు దీన్ని నలుగురిలో పెద్దగా చదవాలని నా మనవి. పందొమ్మిదిన నిజామాబాద్ స్టేషన్ నుంచి పట్నం పోతున్నాను. కోతకు ముందు భార్య వేలిముద్ర అడుగుతారట. రమ్మని అడిగే ముఖం నాకు లేదు."

చించకముందే టపాలో వేసి వచ్చాను.

జనవరి 16, సోమవారం.

బాలన్నను దవాఖానకు పిలిపించి ఉండ సంగతి చెప్పాను. పొడి బియ్యం, తొమ్మిది పాములు, అన్నీ. అతను నమ్మలేదు. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదన్నాడు. 

జనవరి 18, బుధవారం.

మోర్తాడ్ నుంచి ఏమీ రాలేదు.

నలుపే.

జనవరి 19, గురువారం. రైల్లో.

పెన్సిల్‌తో రాస్తున్నాను, అక్షరాలు ఊగుతున్నాయి.

పొద్దున బస్సులో నిజామాబాద్ వచ్చాం. నేను, అవ్వ, సామాను పట్టుకోవడానికి ముత్తన్న, సాగనంపడానికి గంగుబాయి. స్టేషన్లో బెంచీ మీద నన్ను పడుకోబెట్టారు. చెరుకు బండ్లు తోలే చేతులతో ముత్తన్న నా తలకింద తువ్వాలు మడిచి పెట్టాడు. ఇంటి నుంచి తెచ్చిన పాలు బస్సు కుదుపులకు ఒలికిపోయాయి. అవ్వ పొద్దుటి నుంచి పచ్చినీళ్ళు కూడా ముట్టలేదు. కొడుకు రైలెక్కేదాకా ముట్టనని మొక్కుకుందట.

రైలు వచ్చే వేళకు రాధాబాయి వచ్చింది. వెంట దేవిదాస్. ఒక చేతిలో మూట, ఇంకో చేతిలో ఆకు కట్టిన చెంబు. నా దగ్గరికి వచ్చి నిలబడింది. నేను లేవబోతే వద్దనలేదు, పట్టుకోనూ లేదు. నేనే లేచి కూర్చున్నాను.

"ఉత్తరం నాలుగుసార్లు సదివిచ్చిన," అంది. "మా ఊర్ల ఇననోళ్ళు లేరు. ఏలిముద్ర ఏస్త."

 చెంబు ఆకు విప్పలేదు, కింద పెట్టలేదు. అలాగే పట్టుకుని నిలబడింది. ఆమె దేనికోసం ఆగిందో నాకు అర్థమయ్యేసరికి కాస్త సమయం పట్టింది.

గంగుబాయి, ముత్తన్న, అవ్వ, పక్క బెంచీ మీది వాళ్ళు అందరూ ఉన్నారు. అందరికీ వినపడేలాగా అడిగాను. "ఆకలైతున్నది. నీ చేతి పాలు ఇంత పొయ్యి."

ఆకు విప్పింది. మోర్తాడ్‌లో పొద్దున పిండిన పాలు, చల్లారిపోయి ఉన్నాయి. దోసిట్లో పోస్తుంటే తాగాను. నొప్పి వెంటనే మొదలైంది, నాకు తినగానే నొస్తుంది కదా. అయినా ఆపకుండా తాగాను.

అవ్వ మొక్కు సంగతి మరిచిపోయిందో, కావాలనే పక్కన పెట్టిందో తెలియదు. మెల్లగా దోసిలి పట్టింది. గొంతు ఎండిపోయిందని సైగ చేసింది. గంగుబాయి చూస్తోంది.

రాధాబాయి చెంబు వంచలేదు.

"ఆగు అత్తా," అంది. "ముందుగాల నీ కొడుకు మీద ఎట్ల పని చేస్తదో సూడు. బత్కితె నువ్వు తాగుదువు."

రైలు వచ్చి ఆగింది. జనం లేచి సామాన్లు ఎత్తుకుంటున్నారు. అవ్వ దోసిలి వెనక్కి తీసుకోలేదు.